"ఒచ్చు" కాడ ఆగిపోయిన సర్వే: దేవరకొండ ఫీల్డు డైరీ

ఆగస్టు 11

ఇయ్యాల ఫారం తెలుగు చేసుడు మొదలువెట్టినం. పని ఏందంటే 13 నుంచి 18 ఏండ్ల పిల్లలల్ల సాధికారత ఎంతున్నది, ఆడ మగ విషయంల వాళ్ల ఆలోచన ఎట్లున్నది అని కొలవాలె, నల్లగొండ జిల్లా దేవరకొండ, చందంపేట, డిండి దిక్కు ఊర్లు తండాలు కలిపి. అసలు సర్వే నవంబర్‌ల, అందాక ప్రశ్నలు సరిచేసుకునుడే నా పని. ఇంతకుముందు రెండు సర్వేలు చేసిన గని అవన్నీ మరుగుదొడ్డి ఉన్నదా, పాస్‌బుక్ ఉన్నదా అని కండ్లతోని చూసి టిక్ కొట్టేటియి. పిల్ల మనసుల ఉన్నదానికి టిక్ ఎక్కడ కొట్టాలె.

పై ఆఫీసు నుంచి తెలుగు తర్జుమా ఒకటి పంపిండ్రు, పట్నంల ఎవరితోనో చేయించిండ్రట, చదివితే పేపర్ల ఎడిటోరియల్ చదివినట్టున్నది. "మీ జీవితానికి సంబంధించిన కీలక నిర్ణయాలలో మీ భాగస్వామ్యం ఏ మేరకు ఉంటుంది" అట, ఇది తొమ్మిదో క్లాసు పిల్లను అడగాలె. మా టీమ్‌ల నలుగురు, ముగ్గురు ఆడపిల్లలు ఒక తమ్ముడు, అందరు ఈ దిక్కోళ్లే, ఒకామెది తండా. నాతోని కలిపి అయిదుగురం పొద్దంత కూసొని తన్లాడితే 94 ప్రశ్నలల్ల 11 అయినయి, గంతే. "నిర్ణయం ఎవరు తీసుకుంటారు" తీసేసి "ఎవరి మాట నడుస్తది" అని పెట్టినం, అది ఒక్కటి మాత్రం అందరికి ఎమ్మటే నచ్చింది.

సాధికారత అన్న మాట ఫారం మీద ఎక్కడ కనవడొద్దని చెప్పిన. పక్కింటి పిల్లను ఊకె అడిగి చూసిన, సాధికారత అంటే ఏంది బిడ్డా అని. "మా అమ్మ సంగంల ఉన్నది గద అక్కా, అదే, లోన్ ఇస్తరు" అన్నది. తప్పేం లేదు, ఆ మాట ఆమె విన్నది అక్కడనే.

మరి లోపట కొలిచేది ఏందంటే, 1999ల నైలా కబీర్ రాసిన వ్యాసం ఒకటి ఈ పని చేసేటోళ్లు అందరు పట్టుకుంటరు, ఆమె సాధికారతను మూడు ముక్కలు చేసింది, వనరులు, ఏజెన్సీ, సాధించింది అని. నేను టీమ్‌కు చెప్పింది ఇట్ల: చేతుల ఏమున్నది, తన మాట చెల్లుతదా, ఆఖరికి అయింది ఏంది. ఇంట్ల ఫోన్ ఉన్నది అనుకో, అది మొదటి ముక్క. ఆ ఫోన్‌ల ఎప్పుడు ఎవరితోని మాట్లాడాలె అన్నది ఆమె చేతుల ఉన్నదా, అది రెండోది. ఆ ఫోన్ పట్టుకొని దోస్త్ అనే ఆన్‌లైన్ అడ్మిషన్లల్ల డిగ్రీ సీటుకు తనకు నచ్చిన కాలేజీ పెట్టుకున్నదా, అది మూడోది. మా పాత ఫారంలు మొత్తం మొదటి ముక్క కాడనే ఆగిపోయేటియి, ఫోన్ ఉన్నదా అవును, అయిపాయె.

ఆగస్టు 19

ప్రశ్న అడుగుడు, జవాబు రాసుకునుడు కాదు ఇయ్యాల పని. ప్రశ్న అడిగి "నేను ఏమడిగిన్నో నీ మాటల్ల జర చెప్పు" అనాలె. కాగ్నిటివ్ ఇంటర్వ్యూ అంటరు. ఇది చేయకుంట ఫీల్డుకు పోతే ఏమైతదో ఇయ్యాల తెలిసింది.

ప్రతి వాక్యం ఎనక "దీనికి నువ్వు ఒప్పుకుంటవా, ఒప్పుకోవా" అని ఉన్నది. మొదటి పిల్లనే, పదో క్లాసు, మొఖం ఎర్రగ చేసుకొని "నేనేం చేయలే అక్కా, ఏం ఒప్పుకోవాలె" అన్నది. మేమంత నవ్వినం గని ఆ పిల్ల నవ్వలే. నిజమే కద, మన దిక్కు ఒప్పుకునుడు అంటే దొంగతనం ఒప్పుకునుడు, లేకుంటే సంబంధం ఒప్పుకునుడు. ఆడపిల్లతోని ఒప్పుకుంటవా అంటే ఆ రెండిట్ల ఏదైనా భయమే. "అట్లనే ఉండాలె అంటవా, అట్ల వద్దంటవా" అని మార్చినం.

కాదు అన్న మాట ఉన్న ప్రశ్నలు ఇంక మోసం. "ఆడపిల్లలు ఒక్కరే బయటికి పోవద్దు" అని చదివి వద్దంటవా అంటే, వద్దు అంటది, పోవద్దు అంటున్నదా, పోవద్దు అనుడు వద్దు అంటున్నదా? ముగ్గురు పిల్లలు మూడు తీర్ల చెప్పిండ్రు, ముగ్గురి ట్యాబ్‌ల పడ్డది ఒకే కోడ్.

తండాల ఇంకో తిప్పలు. పిల్లలకు తెలుగు మంచిగ వస్తది, బడి తెలుగుల గాబట్టి. గని మా లంబాడి చెల్లె ఒక మాట చెప్పింది, "తెలుగుల అడిగితే సార్‌కు చెప్పినట్టు చెప్తరు అక్కా, మా భాషల అడిగితే యాడికి చెప్పినట్టు చెప్తరు" అని. యాడి అంటే వాళ్ల భాషల అమ్మ. అట్లయితే రెండు భాషలల్ల రెండు తీర్ల జవాబులు వస్తయి కద, ఏది లెక్క కట్టాలె? తండా మొత్తం ఒకే భాషల అడగాలె, వాళ్ల భాషలనే, అని రాసుకున్నం. ఆమె మీద పని ఎక్కువ పడుతది, ఏం జేస్తం, రోజు కూలి పెంచుమని పైకి మెయిల్ పెట్టిన.

ఆగస్టు 26

ఈ ఒక్క రోజు కోసమే ఈ డైరీ రాస్తున్న అనిపిస్తున్నది.

కొండమల్లేపల్లి దిక్కు ఊరు, ఒక ఇంటి అరుగు మీద కూసున్నం. పదహారేండ్ల పిల్ల, ఇంటర్ ఫస్టియర్, మస్తు చురుకు. మొగడు పెండ్లాన్ని కొట్టుడు మీద ప్రశ్నలు వచ్చినయి. ఇవి పెద్ద పెద్ద సర్వేలల్ల ఉండేటివే, చెప్పకుంట బయటికి పోతే, ఇల్లు పిల్లల్ని పట్టించుకోకుంటే, ఎదురు మాట్లాడితే, కూర మంచిగ వండకుంటే, అత్తమామల్ని ఇజ్జత్ చేయకుంటే, ఇట్లాంటి కారణాలు ఏడు ఉంటయి, అడిగేది పిల్లల్ని గాబట్టి మేము అయిదే పెట్టుకున్నం. "కూర మంచిగ వండకపోతే మొగడు పెండ్లాన్ని కొట్టొచ్చా?"

"కొట్టొచ్చు" అన్నది టక్కున. ట్యాబ్‌ల కోడ్ 1, అంటే అవును. ఎదురు మాట్లాడితే? కొట్టొచ్చు. చెప్పకుంట పోతే? కొట్టొచ్చు. అయిదుకు అయిదు. నేను లోపట అనుకున్న, గింత చదువుకున్న పిల్ల గిట్లనా అని. తర్వాత పద్ధతి ప్రకారం అడిగిన, నీ మాటల్ల చెప్పు బిడ్డా. "మీరు అడిగింది కొడ్తడా అని కదక్కా. కొట్టొచ్చు మరి. మా బావ తాగి వస్తే పప్పుల ఉప్పు తక్కువైనా కొడ్తడు. మా అక్క రెండుసార్లు ఇంటికొచ్చింది." అట్ల కొట్టుడు సరైందేనా అంటే నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది, "ఎట్ల సరైంది అక్కా?" అని.

అప్పుడు తలకాయల లైటు ఎలిగింది. మన తెలుగుల "ఒచ్చు" అంటే రెండు. లోపటికి రావచ్చా సార్ అంటే పర్మిషన్. రేపు వాన రావచ్చు అంటే పర్మిషన్ ఎవడిచ్చిండు వానకు? అయ్యేది ఉన్నది అని అర్థం. నేను అడిగింది మొదటిది, ఆ పిల్ల విన్నది రెండోది, ఆమె ఇచ్చిన జవాబు ఆమె అక్క ఇంటి సంగతి. మా ట్యాబ్‌ల మాత్రం ఆమె కొట్టుడును సమర్థించే పిల్లగ పోయి కూసున్నది.

వాపస్ వచ్చేటప్పుడు బస్సుల అదే ఆలోచన. 2019-21ల చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5ల తెలంగాణ ఆడోళ్లల్ల దగ్గర దగ్గర 84 శాతం మంది ఆ ఏడు కారణాలల్ల ఏదో ఒకదానికి మొగడు కొట్టుడు సబబే అన్నట్టు వచ్చింది, మగోళ్లల్ల 70 శాతం. పేపర్ల అప్పట్ల పెద్దగ వేసిండ్రు, మా నాయిన కూడ చదివి "మనోళ్లు గింతేనా" అన్నడు. ఆ సర్వే తప్పు అంటలేను, అది పెద్ద సర్వే, వాళ్ల ట్రైనింగ్ వాళ్లకుంటది. గని నా ఫారంల "ఒచ్చు" ఉంటే నేను కొలిచేది పిల్లల మనసు కాదు, వాళ్ల ఇండ్లల్ల జరిగేది. రెండు కొలవాల్సినయే, గని ఒకే డబ్బాల పోస్తే రెండూ ఖరాబే.

రాత్రి కూసొని ఒక్క ప్రశ్నను మూడు చేసిన. మొగడు కొడితే నువ్వు తప్పంటవా, తప్పు లేదంటవా? మీ ఊర్ల పెద్దోళ్లు ఏమంటరు? నీకు తెలిసిన ఇండ్లల్ల అట్ల అయితదా? సోషల్ నార్మ్ అంటే మంది నడుమ ఉండే కట్టుబాటు, దాని మీద పనిచేసే క్రిస్టినా బిక్చియెరి చెప్పేది కూడ దాదాపు ఇదే, మనిషి తన ఇష్టం వేరు, మంది ఏం చేస్తరు అనుకునుడు వేరు, మంది తన నుంచి ఏం కోరుతరు అనుకునుడు వేరు అని. ఆమె పుస్తకం దాక పోకముందే ఆ అరుగు మీద పిల్ల చెప్పింది.

మొత్తం ఫారంల "ఒచ్చు" 14 చోట్ల ఉన్నది. అన్నీ పీకేసినం.

సెప్టెంబర్ 3

మొదటి పైలట్, అంటే అసలు సర్వేకు ముందు చేసే ట్రయల్, 40 మందితోని అయింది, డేటా పైకి పంపితే ఫోన్ వచ్చింది, "ఆల్ఫా చాల బాగుందమ్మా, దీన్నే ఫైనల్ చేద్దాం" అని. ఆల్ఫా అంటే క్రోన్‌బాక్ అనేటాయన 1951ల పెట్టిన లెక్క, ఒక స్కేల్‌ల, అంటే ఒకే సంగతిని కొలిచే ప్రశ్నల గుంపుల, ప్రశ్నలన్ని ఒకే దిక్కు గుంజుతున్నయా లేదా అని చూస్తది, 0.7 దాటితే సంబురపడతరు.

నాకు సంబురం కాలే. ఎందుకంటే ఆ వెర్షన్‌ల వాక్యాలన్ని ఒకే దిక్కు ఉన్నయి, అన్నీ మంచి మాటలే, ఆడపిల్ల చదువాలె, ఆడపిల్ల ఉద్యోగం చేయాలె, ఇంటిపని ఇద్దరు చేయాలె. బడిల మేడం అడిగినట్టు అడుగుతే ఎవడు కాదంటడు? అన్నిటికి అవును అనేటోడు ఉంటే ఆల్ఫా పెరుగుతది మరి, అవునులు అవునులతోని మంచిగనే కలుస్తయి. అది మర్యాద కొలిచిన లెక్క.

సగం వాక్యాలు తిప్పినం, "కొడుకు చదువుకే ముందు పైసలు పెట్టాలె" అసొంటియి కలిపినం, మళ్ల ఇంకో ఊర్ల అడిగినం. ఆల్ఫా దబ్బున పడ్డది. ఒక పిల్లగాడు ఆడపిల్లకు మగపిల్లగానికి సమానంగ చదువు చెప్పియ్యాలె అన్నడు, రెండు నిమిషాలకే కొడుకు చదువుకే ముందు పెట్టాలె అన్నదానికి కూడ అవును అన్నడు. అట్లెట్ల తమ్మీ అంటే "పైసలుంటే సమానం, లేకుంటే కొడుకుకు" అన్నడు. ఎంత సాఫ్‌గ చెప్పిండు సూడు! పైసలు లేనప్పుడు ఎవరికి అన్నదే అసలు ప్రశ్న, అది మా దగ్గర లేకుండె. ఇప్పుడు కథ లెక్క పెట్టినం: ఒకాయనకు బిడ్డ, కొడుకు, ఇద్దరికి సీటొచ్చింది, ఎకరం పత్తి మీద వచ్చిన పైసలు ఒక్కరికే సరిపోతయి, ఏం జేయాలె? పిల్లలు దీని మీద పది నిమిషాలు మాట్లాడుతున్నరు, ఆపుదమంటే ఆపుతలేరు.

మర్యాద జవాబుల గురించి హర్యానాల చేసిన పని ఒకటి ఉన్నది. అక్కడ 314 సర్కారు బడులల్ల కొన్నిట్ల ఏడో క్లాసు నుంచి ఆడ మగ సమానత మీద క్లాసుల చర్చలు పెట్టిండ్రు, కొన్నిట్ల పెట్టలే, తర్వాత తేడా చూసిండ్రు. ధర్, జైన్, జయచంద్రన్ అని ముగ్గురు రాసిన పేపర్ 2022ల వచ్చింది. ఆలోచనల 0.18 స్టాండర్డ్ డీవియేషన్ మార్పు, అంటే పాతకాలపు జవాబులల్ల 16 శాతం మారినయన్నట్టు, కార్యక్రమం అయిపోయి రెండేండ్లయినంక అడిగినా నిలబడ్డది. నాకు పనికొచ్చింది ఆ అంకెకన్న ఇంకోటి. పిల్లలు మంచిగ కనవడాలె అని చెప్తున్నరా అని చూసేటందుకు మార్లో, క్రౌన్ అనేటోళ్లు 1960ల చేసిన స్కేల్ కూడ అడిగిండ్రు. ఎవరు మాట్లాడినా ఓపికతోని వింట అసొంటి మాటలు ఉంటయి అండ్ల, అన్నిటికి అవును అన్నోడు మనకు మంచి మొఖం చూపెడుతున్నడని అర్థం. మేము కూడ ఆరు వాక్యాలు పెట్టినం. మా టీమ్ తమ్ముడు ముందు తనే రాసి చూసుకున్నడు, ఆరుకు ఆరు అవును. దాని మీద ఇంక నడుస్తున్నది జోకు.

సెప్టెంబర్ 6

వాన. ఊరికి పోతే సంతకాలు దొర్కలే. 18 లోపు పిల్లల్ని అడగాలంటే అమ్మనో నాయిననో సంతకం పెట్టాలె, పిల్ల కూడ సరే అనాలె. అమ్మలందరు యూరియా లైన్ల ఉన్నరు, పాస్‌బుక్కులు చెప్పులు లైన్ల పెట్టి చెట్టుకింద కూసున్నరు. అక్కడనే పోయి చదివి వినిపించి ఆరు సంతకాలు తెచ్చినం. ఒక పెద్దమ్మ "మా పిల్లను అడిగేటియి నన్ను అడుగు బిడ్డా, నేనే చెప్త, దానికేం తెలుసు" అన్నది.

ఇది ఇంటికాడ ఇంక ఎక్కువ. పిల్లను పక్కకు కూసోబెడితే దర్వాజ కాడ అవ్వ, గోడ మీదికెళ్లి పక్కింటామె. అందుకని ఇద్దరిద్దరం పోతున్నం, ఒకరు పిల్లతోని, ఒకరు అవ్వతోని, అవ్వను పాతకాలం పెండ్లి ముచ్చట్లు అడిగితే గంట దాక కదలదు. ఎవరన్న దగ్గరికొస్తే ఫారంల ఒక దొంగ పేజీ ఉన్నది, నిన్న ఏం తిన్నవ్, పాలు తాగినవా అని, దానికి మర్లాలె. మొదలువెట్టకముందే పిల్లకు ఇంకో మాట చెప్పాలె, నువ్వు చెప్పేది ఎవరికి చెప్పం గని నీకు ఆపద ఉన్నట్టు తెలిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పాల్సి ఉంటది అని. ఈ మాట చెప్తే కొందరు పిల్లలు బిగుసుకుంటున్నరు. అయినా చెప్పాల్సిందే, చెప్పకుంట గుంజుకున్న జవాబు నాకొద్దు.

సెప్టెంబర్ 10

తిరుగుడు ప్రశ్నలు. "ఒక్కదానివే బస్సుల దేవరకొండ పోతవా?" పోత అంటున్నరు చానమంది. ఇదివరకు అయితే పోకపోతే పైసలు లేక పోతలేదా, పోనియ్యక పోతలేదా తెలిసేది కాదు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడోళ్లకు బస్సు ఫ్రీ అయింది, జీరో టికెట్, కాబట్టి ఇప్పుడు పైసల సాకు సగం పోయింది, మిగిలింది ఇంట్ల వాళ్ల మాటనే. సర్వే చేసేటోళ్లకు ఇంతకన్న మంచి అవకాశం దొర్కదు అనుకున్న.

అయితే "పోతవా" అన్నదాన్ని మేము "పోయినసారి ఎప్పుడు పోయినవ్, ఎవరిని అడిగినవ్, ఎంబడి ఎవరున్నరు" అని మార్చినం. ఇది ముందే చేయాల్సింది. చందంపేట దిక్కు తండా పిల్ల, ఒక్కదాన్నే పోత అని గట్టిగ చెప్పింది. పోయినసారి? పొయ్యిన మంగళవారం, చెప్పులు కొనేటందుకు. ఎంబడి ఎవరు? "ఎవరు లేరు అక్కా, నేను మా తమ్ముడు." తమ్మునికి ఎన్నేండ్లు? ఆరు. వాడు అక్కడనే ఉన్నడు, నిక్కరు జేబుల గోళీలు వేసుకొని, మా ట్యాబ్ దిక్కు చూసుకుంట. అమ్మ పోనిచ్చిందా అంటే "తమ్మున్ని తీస్కపోతే పోనిస్తది, లేకుంటే పోనియ్యది."

మా ఫారంల ఆప్షన్లు: ఒక్కదాన్నే, దోస్తులతోని, అమ్మతోని, నాయిన లేదా అన్నతోని, ఇంకెవరన్న. ఆ పిల్ల ప్రకారం ఆమె ఒక్కదే పోయింది. ఇంట్లోళ్ల ప్రకారం మగ తోడు ఉన్నది. ఆరేండ్ల వాన్ని ఎత్తుకొని బస్సు ఎక్కించింది, నీళ్లు తాపింది, ఏడిస్తే ఐస్‌క్రీం కొనిచ్చింది ఆమెనే, గని తోడు వాడే. టీమ్‌ల దీని మీద గంట లొల్లి అయింది, ఎటూ తేలలే.

సెప్టెంబర్ 17

మగపిల్లలు. ఇంటిపని సమానంగ చేయాలె అన్నదానికి అందరు అవును. సరే అని చింతగింజలు తీసినం, 24, నిన్నటి రోజుకు గంటకొకటి. నేల మీద బొమ్మలు గీసి, పడుకునుడు, బడి, ఆట, ఫోన్, పొలం, ఇంటిపని, గింజలు పెట్టుమన్నం. ఒక పిల్లగాడు ఇంటిపనిల రెండు గింజలు పెట్టిండు. ఏం చేసినవ్ తమ్మీ? "వాటర్ ప్లాంట్ కాడికెళ్లి బండి మీద క్యాన్ తెచ్చిన." రెండు గంటలు పట్టిందా? దోస్తులు కలిసిండ్రట. వాళ్ల చెల్లె పక్కన కూసొని చూస్తున్నది, మెల్లగ ఒక గింజ తీసి ఫోన్ బొమ్మల పెట్టింది. వాడు ఏమనలే.

చెల్లె వంతు వచ్చినప్పుడు ఇంకో తిప్పలు. బోళ్లు తోముకుంట చదివింది, పొయ్యి చూసుకుంట హోంవర్క్ చేసింది, ఆ గంట గింజ ఎందుల పెట్టాలె? గింజను కొరికి రెండు చేస్త అన్నది. చింతగింజ కొరికితే పలగదు గని ఐడియా మంచిది, పెసర్లు కూడ తెచ్చి అరగంటకు పెసరుగింజ పెట్టినం.

సెప్టెంబర్ 21

ఎంగిలిపూల బతుకమ్మ. పని బంద్.

అక్టోబర్ 9

పండుగకు పోయిన పిల్లలు సగం మంది బడికి రాలే, పత్తి మొదలైంది. పాలమూరు, గద్వాల దిక్కు పోయినోళ్లు కూడ ఉన్నరు. బడిల దొరికినోళ్లనే అడిగితే మనకు దొరికేది మంచిగున్న పిల్లలే, అడగాల్సిన పిల్ల చెల్కల ఉంటది. సాంపిల్ బడి రిజిస్టర్‌కెళ్లి కాదు, అంగన్‌వాడీ ఇంటింటి లిస్టుకెళ్లి తీయాలె అని రాసి పంపిన. యంగ్ లైవ్స్ అనే పెద్ద అధ్యయనం వాళ్లు 2002 నుంచి మహబూబ్‌నగర్‌ల అవే పిల్లల ఎంబడి పడి ఏండ్ల తరబడి అడిగింది ఇందుకే, బడి మానేసినోళ్లను కూడ ఎతికి పట్టుకోవాలె.

ఆడపిల్లకు ఏ వయసుల లగ్గం చేయాలె అన్న ప్రశ్నకు అందరు 18 అంటున్నరు. అమ్మలు 18, పిల్లలు 18, తాగి పడుకున్నాయన లేసి 18 అన్నడు. మంచిదే కద అనుకుంటే తప్పు. కల్యాణలక్ష్మి చెక్కు 1,00,116 రూపాయలు రావాలంటే పిల్లకు 18 నిండాలె, ఆ అంకె అందరికి నోటికొచ్చింది. చెక్కు వల్ల నిజంగనే ఆగే పెండ్లిళ్లు ఆగుతుండొచ్చు గని నా ప్రశ్నకు వస్తున్నది స్కీము రూలు, వాళ్ల ఇష్టం కాదు. ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5 ప్రకారం తెలంగాణల 20-24 ఏండ్ల ఆడోళ్లల్ల 23.5 శాతం మందికి 18 లోపే పెండ్లయింది, వాళ్ల ఇండ్లల్ల అడిగినా 18 అనే చెప్తుండె ఏమో.

ప్రశ్న మార్చిన: "నీతోని ఎనిమిదో క్లాసు చదివిన ఆడపిల్లలు ఇప్పుడు ఏడున్నరు, ఒక్కొక్కరి గురించి చెప్పు." పేర్లు రాసుకోం, గీతలు గీస్తం. నిన్న ఒక పిల్ల ఏళ్ల మీద లెక్కవెట్టుకుంట చెప్పింది, ఇంటర్, ఇంటర్, కస్తూర్బా, పట్నంల బట్టల షాపు, పెండ్లయింది, పెండ్లయింది, పత్తికి పోయింది, ఏమో తెల్వదు. ఆ "ఏమో తెల్వదు" కోసం కూడ ఒక కోడ్ పెట్టినం.

అక్టోబర్ 16

ఏడో వెర్షన్ ట్యాబ్‌లకు ఎక్కించినం. 94 ప్రశ్నలు 61కి దిగినయి. పదిరోజుల కింద అడిగిన పిల్లల్నే కొందరిని మళ్ల అడిగి చూసినం, జవాబు నిలబడుతదా అని. నువ్వేమంటవ్ అన్నయి అటిటు ఊగుతున్నయి, పోయినసారి ఏం చేసినవ్ అన్నయి నిలబడ్డయి. ఇది చూసినంక అభిప్రాయం ప్రశ్నలు ఇంకో నాలుగు తీసేద్దుమా అని మనసుల ఉన్నది గని పై ఆఫీసోళ్లు వేరే దేశాలతోని పోల్చాలె అంటరు, వాటిని ముట్టొద్దని ముందే చెప్పిండ్రు.

అరుగు మీద పిల్లను కూడ మళ్ల కలిసిన. కొట్టుడు ప్రశ్న కొత్త తీర్ల: నువ్వేమంటవ్, అయిదుకు అయిదు తప్పు. ఊర్లోళ్లు ఏమంటరు, నాలుగిట్ల తప్పు లేదంటరు. తెలిసిన ఇండ్లల్ల అయితదా, అయిదుకు అయిదు అయితది. ఆగస్టుల ఆమె పేరు మీద పడ్డ అయిదు ఒకట్లు ఇంక పాత ఫైల్‌ల అట్లనే ఉన్నయి.

బస్సు ప్రశ్నల కొత్త ఆప్షన్ పెట్టినం, కోడ్ 6, పదేండ్ల లోపు తమ్ముడు. ఇంత చిన్నదానికి వేరే కోడ్ ఎందుకు, కుటుంబ సభ్యులల్ల కలిపేయరాదా అని మెయిల్ వచ్చింది. కలిపేది లేదని రాసిన.

రేపు డిండి దిక్కు. పిల్లలు పత్తి ఏరి వచ్చేవరకు ఆరు దాటుతది, చార్జింగ్ లైట్లు రెండు కొనాలె, చింతగింజలు కూడ అయిపోయినయి.